గేటు దగ్గర ఊదకంకులు

ఆ రోజు సీమోను తెనాలి వెళ్లింది నాటుకోడి పిల్లల కోసం.

"పెట్టపిల్లల్ని చూసి తీసుకురా. పోయినసారి నువ్వు తెచ్చిన వాటిల్లో సగం పుంజులే" అని కరుణమ్మ గడప దాటి వచ్చి మరీ చెప్పింది. అతను సరేనని తలూపాడు. అతని తలూపుడు మీద ఆమెకు పెద్దగా నమ్మకం లేదు కాని, సంక్రాంతి వెళ్లిన మరుసటి వారం అతనికి సెలవు దొరకడమే గొప్ప కాబట్టి ఊరుకుంది.

సీమోను రైల్వేలో గేట్‌మాన్. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే ఒంటి లైను మీద, రేపల్లె ఇంకాసేపట్లో వస్తుందనగా, వరిచేల మధ్య అతని గేటు. స్టేషను నుంచి ఫోను మోగితే గేటు వేయడం, జెండా పట్టుకుని నిలబడడం, బండి వెళ్లాక గేటు ఎత్తడం. ఇన్నేళ్లుగా చేస్తున్న పని అదే. గేటు పక్కనే రెండు గదుల క్వార్టరు, దాని ముందు గొడుగులా ఒక కానుగ చెట్టు. అతనికి బీడీ అలవాటు లేదు, పేకాట రాదు. ఎవరైనా ఏదైనా చూపిస్తే మాత్రం నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయే గుణం ఒకటుంది. కరుణమ్మ భయమల్లా దాని గురించే.

ఆమె భయపడ్డట్టే అయింది. తెనాలి మార్కెట్లో కోడిపిల్లల గంపల వరస చివర ఫరూక్ అనే అతని పంజరాల కొట్టు ఉంది. అక్కడ ఒక చిన్న పంజరంలో రెండు పిట్టలు కనిపించాయి. పిడికిట్లో పట్టేంత ఉన్నాయి. రెండింటికీ ముక్కు పండుమిరపకాయ రంగు. అందులో ఒకదానికి బుగ్గల మీద నారింజ రంగు బొట్లు, గొంతు కింద సన్నటి నల్లచారలు, పక్కల వెంట తెల్లచుక్కలు. ఎవరో తీరిగ్గా కూర్చుని కుంచెతో దిద్దినట్టున్నాయి. అది మెడ సాచి, చంటిపిల్లల ఆటబూరలా "పీ పీ" అని ఊదింది.

"ఏంటి తమ్ముడూ ఇవి? పిచ్చుకలా?"

"ఫించ్‌లన్నా. ఆ బుగ్గలున్నది మగది, పక్కది ఆడది. జంట. కొర్రలు తింటాయి, నీళ్లు తాగుతాయి, రోజంతా ఇట్టాగే కబుర్లు చెప్తాయి" అన్నాడు ఫరూక్.

మగపిట్ట మళ్లీ బూర ఊదింది. సీమోను నవ్వాడు. అంతే, కోడిపిల్లల సంగతి ఆ నవ్వులోనే కొట్టుకుపోయింది.

మధ్యాహ్నం ప్యాసింజరులో పంజరాన్ని ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చాడు. కరుణమ్మ పంజరాన్ని చూసింది, అతని వెనక ఇంకేదైనా గంప ఉందేమో చూసింది.

"కోడిపిల్లలేయి?"

"ముందు ఇవి చూడు."

"చూశా. కోడిపిల్లలేయి?"

"ఇవి కూడా గుడ్లు పెడతాయంట కరుణా."

"ఎంత గుడ్డు పెడతాయేంటి?"

సీమోను కాస్త ఆలోచించి తన చిటికెన వేలి గోరు చూపించాడు. కరుణమ్మ కోపంగానే ఉందామనుకుంది. కాని ఆ గోరు, అతని ముఖం చూశాక ఆమెవల్ల కాలేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అట్టు వేసుకోటానికి భూతద్దం కూడా తెచ్చావా, లేకపోతే రేపు మళ్లీ తెనాలి పోతావా?" అంది.

*

పిట్టల పెంపకంలో సీమోను నేర్చుకున్న మొదటి పాఠం అతన్ని హడలగొట్టింది.

గిన్నె నిండా కొర్రలు పోశాడు. ఆ రోజు పిట్టలు గిన్నె మీదే ఉన్నాయి, టికటికమని ముక్కులాడించాయి. మర్నాటికల్లా నీరసపడ్డాయి. ఆడపిట్ట ఈకలు ఉబ్బరించుకుని ఒక మూల కూర్చుంది, మగపిట్ట బూర మానేసింది. గిన్నెలో చూస్తే కొర్రలు పోసినవి పోసినట్టే అంచుదాకా ఉన్నాయి.

"కొత్త చోటు కదా, బెంగ పెట్టుకున్నాయి" అన్నాడు సీమోను. నూకలు వేశాడు, అటుకులు వేశాడు, తన పళ్లెంలోంచి ఇడ్లీ ముక్క తీసి పంజరంలో పెట్టాడు. పిట్టలు వాటిని చూసి పక్కకు జరిగాయి. సాయంత్రానికి అతనికి అన్నం సయించలేదు. గేటు వేసి జెండా పట్టుకుని నిలబడినా మనసంతా పంజరం మీదే ఉంది. బండి వెళ్లగానే ఫరూక్‌కి ఫోను చేశాడు.

"తినటం లేదు తమ్ముడూ. గిన్నె నిండా గింజలు అట్టాగే ఉన్నాయి."

అవతల ఫరూక్ కంగారు పడలేదు. "అన్నా, గిన్నె దగ్గరకెళ్లి నోటితో ఒకసారి ఊదు" అన్నాడు.

"ఊదటమేంటి?"

"ఊదు, చెప్తా."

సీమోను గిన్నె బయటికి తీసి, ముఖం దగ్గర పెట్టుకుని గట్టిగా ఊదాడు. గిన్నెలో ఉన్నదంతా గుప్పున లేచింది. అంతా పొట్టు! అతని మీసాల్లో కొంత, కళ్లల్లో కొంత, పక్కన నిలబడి చూస్తున్న కరుణమ్మ నూనె రాసుకున్న తలలో మిగతాది వాలింది. గిన్నె అడుగున ఒక్క గింజ లేదు. పిట్టలు గింజ ఒలుచుకు తిని పొట్టు మళ్లీ గిన్నెలోనే వదిలేస్తాయని, పైనుంచి చూస్తే నిండుగా ఉన్నట్టే కనిపిస్తుందని ఫరూక్ ఫోన్లో చెబుతూనే ఉన్నాడు. సీమోను వినడం లేదు.

"అయ్యో, ఆకలికి మాడ్చేశానే వీటిని!" అంటూ కొర్రల డబ్బా కోసం పరిగెత్తాడు.

కొత్త కొర్రలు పడగానే పిట్టలు రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ గిన్నెలోకి దూకాయి. అవి తినడం ఆపేదాకా సీమోను అక్కడే గొంతుక్కూర్చున్నాడు. చివరికి మగపిట్ట ముక్కును చువ్వకేసి అటూ ఇటూ తుడుచుకుని, "పీ" అంది. అప్పుడు గాని అతనికి ఆకలి గుర్తురాలేదు. పొద్దుటి మిగులు చింతపండు పులిహోర అంతా ఊడ్చి తినేశాడు. కరుణమ్మ తలలో పొట్టు దులుపుకుంటూ, "మనుషుల్ని ఇంత కనిపెట్టుకుని చూస్తే బాగుండు" అని గొణిగింది. ఆ మాటలో కోపం లేదు.

*

ఎండలు ముదిరాయి. చేలు కోసేసి ఉండటంతో ఎటు చూసినా గాలికి అడ్డమన్నది లేదు. మధ్యాహ్నమైతే పట్టాల మీద గాలి నీళ్లలా వణికేది. ఇంటి కప్పు రేకులది, లోపల పొయ్యి మీద పెట్టిన మూకుడే. అందుకని సీమోను పంజరాన్ని కానుగ కొమ్మకు వేలాడదీశాడు. ఎండ తిరిగే వైపు తడిపిన గోనెసంచి కట్టాడు. తను డ్యూటీలో ఉన్నప్పుడు గోనెసంచి తడపడం కరుణమ్మ వంతు.

వేసవి మేత వేరు. గింజలు తక్కువ తినేవి, నీళ్లు ఎక్కువ తాగేవి. చన్నీళ్లలో కడిగిన తోటకూర, చక్రాల్లా కోసిన కీరదోస ముక్కలు చువ్వలకు గుచ్చితే, నీరంతా పీల్చి తొక్క మిగిల్చేవి. నానబెట్టిన కొర్రలు పొద్దున పెడితే ఎండ ఎక్కకముందే తీసేయాలి, లేదంటే పులిసిపోతాయి. ఇవన్నీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఒకటి ఫరూక్ చెప్పాడు, ఒకటి వాసన చెప్పింది, మిగతావి పిట్టలే చెప్పాయి.

వాటికి అసలు పండగ స్నానం. పొద్దెక్కాక మూకుడులో నీళ్లు పోసి లోపల పెడితే, మగపిట్ట ముందు అంచు మీద నిలబడి నీళ్లల్లో ముక్కు ముంచి చూసేది. తర్వాత ఒక్క దూకు. రెక్కలు టపటపలాడిస్తూ, తల ముంచి లేపుతూ, చుట్టూ వాన కురిపించేది. దాని వెనకే ఆడది. మూకుడులో నీళ్లన్నీ బయట పడ్డాక, తడిసి సగానికి సగమైపోయి, పంజరంలోని అడ్డపుల్ల మీద పక్కపక్కనే కూర్చుని ఒకదాని మెడ ఒకటి సవరించుకునేవి.

గేటు పడితే ఆగిన వాళ్లకు ఆ చెట్టు ఎదురుగా ఉండేది. అప్పటిదాకా గేటు పడిందంటే తిట్లూ హారన్లూ తప్ప సీమోనుకు వేరే పలకరింపు ఉండేది కాదు. ఇప్పుడు ఆటోల్లోంచి తలలు బయటికొచ్చేవి. స్కూలు బస్సులో పిల్లలైతే గేటు పడాలని కోరుకునే స్థితికి వచ్చారు.

హారన్ మోగించేవాళ్లలో మొదటివాడు బసవేశ్వరరావు. గేటుకు ఇవతల ఇల్లు, అవతల పొలం. పెద్ద కమతం, పెద్ద గొంతు, పాత బుల్లెట్ బండి. "నా ఆయుష్షులో సగం నీ గేటు ముందే తెల్లారిపోయిందయ్యా సీమోనూ" అని చూసినప్పుడల్లా అనేవాడు. రైలును ముందుకు తోసుకురావడం సీమోను చేతిలో లేదని ఆయనకు తెలియక కాదు. ఎవరినో ఒకరిని అనకపోతే ఆయనకు పొద్దుపోదు.

ఒక రోజు ఆయన గేటు ముందు ఆగి, అలవాటుగా హారన్ మీద బొటనవేలు పెట్టాడు. అప్పుడే పిట్టలు స్నానానికి దిగాయి. వేలు హారన్ మీదే ఉండిపోయింది కాని నొక్కలేదు. బండి దిగి, చెట్టు దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. రైలు వచ్చింది, వెళ్లింది. సీమోను గేటు ఎత్తాడు. అయినా ఆయన కదల్లేదు. రోడ్డుకు అడ్డంగా ఉన్న బుల్లెట్ వెనక ట్రాక్టరు, దాని వెనక రెండు ఆటోలు గోల గోలగా హారన్లు కొట్టాయి.

"రావుగారూ! గేటు తీశానండి" అన్నాడు సీమోను.

ఆయన ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ గేటు దగ్గర ఇంకొకరి చేత హారన్ కొట్టించుకోవడం ఆయనకు అదే మొదలు. "ఆ, ఆ... వెళ్తున్నా" అని బండెక్కి, నాలుగడుగులు వెళ్లి వెనక్కి తిరిగి, "రేపు కూడా ఇదే టైముకి పోస్తావా నీళ్లు?" అని అడిగాడు.

*

వానలు పడ్డాయి. చేలన్నీ పచ్చబడ్డాయి. ఈమధ్య నాట్లు మాని విత్తనం వెదజల్లే రైతులు ఎక్కువయ్యారు. వెదజల్లిన చేలో వరితో పాటు ఊద పెరుగుతుంది. చూడటానికి వరిలాగే ఉండి, వరి తిండి తాను తినే కలుపు అది. దాన్ని పీకడానికి సుబ్బాయమ్మ ముఠా రోజూ గేటు దాటి వెళ్లేది. సుబ్బాయమ్మ ముఠాకు పెద్ద. సన్నగా చెరుకుగడలా ఉంటుంది, గొంతు మాత్రం రెండు చేల అవతలికి వినిపిస్తుంది.

ఒక సాయంత్రం ముఠా తిరిగొచ్చే వేళకు గేటు పడింది. ఆడవాళ్లంతా పంజరం చుట్టూ మూగారు. సుబ్బాయమ్మ చేతిలో మేకకని తెచ్చుకున్న పచ్చగడ్డి మోపు ఉంది. అందులోంచి ఒక ఊదకంకి లాగి, "ఏదీ, మా పిట్టమ్మ దీన్ని తింటదేమో" అంటూ చువ్వల మధ్య దూర్చింది.

పిట్టలు ముందు దూరంగా ఎగిరి చూశాయి. ఆడపిట్ట జంకుతూ దగ్గరికొచ్చి ఒక గింజ చిదిమింది. పాలు పోసుకుంటున్న లేతగింజ అది, చిదిమితే తెల్లగా చిప్పిల్లింది. ఇక చూడాలి! రెండూ కంకికి తలకిందులుగా వేలాడాయి, దాన్ని లాక్కున్నాయి, ఒకదాని నోట్లోది ఇంకొకటి ఎగరేసుకుపోయింది. కొర్రలకు ఎన్నడూ అంత సంబరపడింది లేదు.

"ఓయమ్మో, చూశారా!" అని సుబ్బాయమ్మ చప్పట్లు కొట్టింది. "మేం పొద్దస్తమానం తిట్టుకుంటా పీకే దరిద్రం ఇది. వీటికి బిర్యానీలాగుందే!"

"రేపు ఇంకాస్త తెచ్చిపెడతావా అక్కా?" అన్నాడు సీమోను.

"ఊదకి కరువా అబ్బాయ్? నువ్వు వద్దనేదాకా తెస్తా."

అన్నట్టే రోజూ తెచ్చింది. ఆ మేత మహిమో, వాన చల్లదనమో, పిట్టల చూపు గూడు మీదికి మళ్లింది. సీమోను చిన్న కుండకు పక్కన బొక్క చేసి పంజరంలో కట్టాడు. కరుణమ్మ కొబ్బరిపీచు విడదీసి పొట్టిపొట్టి పోగులు చేసి ఇచ్చింది. పొడుగు దారాలు పెడితే కాళ్లకు చుట్టుకుంటాయని ఫరూక్ హెచ్చరించాడు. మగపిట్ట ఒక్కొక్క పోగూ ముక్కున కరుచుకుని కుండలోకి మోసింది. ఆడది లోపల కూర్చుని, నచ్చనివి బయట పారేసింది. మగపిట్ట మళ్లీ ఏరుకొచ్చింది. కరుణమ్మ దాన్ని చూసి, "నీలాంటోడే, పాపం. ఏం తెచ్చినా పెళ్లాం వంక పెడుతుంది" అని మొగుడితో అంది.

కుండలో తెల్లటి గుడ్లు కనబడ్డాయి. ఒక్కోటి చింతపిక్కంత ఉంది. రెండూ వంతులు వేసుకుని పొదిగాయి. పిల్లలు బయటపడ్డ రోజు పొద్దున్నే రేపల్లె వైపు వాన దంచి కొడుతోంది. కుండలోంచి ఈగ రొదలాంటి సన్నటి చప్పుడు విని కరుణమ్మే ముందు చూసింది. పిల్లల నోటికి అందించడానికి పెద్దవాటికి మెత్తటి మేత కావాలి. గుడ్డు ఉడకబెట్టి, పెంకుతో సహా మెదిపి పెట్టమన్నాడు ఫరూక్.

కరుణమ్మ పొయ్యి మీద గుడ్డు పెడుతూ, "గుడ్లు పెడతాయని తెచ్చాడు మహానుభావుడు. ఇప్పుడు వీటికి మనం గుడ్డు పెట్టాల్సొచ్చింది" అంది. అంటూనే ఆ ముద్దను వేళ్లతో మరీ మెత్తగా మెదిపింది.

*

అందరూ మేత తెస్తుంటే బసవేశ్వరరావుకు తనూ తేవాలనిపించింది. ఒక పొద్దున బుల్లెట్ వెనక పెద్ద ఊదమోపు కట్టుకుని వచ్చి, పెళ్లికి సారె తెచ్చినవాడిలా గేటు ముందు దించాడు.

"చూడు సీమోనూ! ఎంత లావు కంకులో! మా చేను గట్టున కోయించా. నీ పిట్టలు వారం తింటాయి."

సీమోను సంబరపడి చేయి చాచబోతుండగా, రోడ్డు మీద నుంచి సుబ్బాయమ్మ గొంతు వినపడింది.

"పెట్టబాక! సీమోనూ, పెట్టబాక అబ్బాయ్!"

ఆమె పరుగున వచ్చి మోపు మీద చెయ్యి వేసి ఆయాసపడింది. "మొన్ననేగా రావుగారూ మీ చేలో కలుపు మందు కొట్టించారు? నేను చూస్తా ఉన్నాగా. ఆ పసికందులకి ఇది పెట్టారంటే సాయంత్రానికి ఒక్కటి మిగలదండి."

 బసవేశ్వరరావు ముఖం నల్లబడింది. ఆయనకు మందు సంగతి గుర్తులేక కాదు, ఆ మందుకూ ఈ కంకికీ సంబంధం ఉంటుందని తట్టలేదు. మోపును చూశాడు, పంజరంలో నోళ్లు తెరిచి అరుస్తున్న పిల్లల్ని చూశాడు.

"తెలియక తెచ్చారులెండి. ఏం కాలేదుగా" అన్నాడు సీమోను మెల్లగా.

 ఆయన మోపు మళ్లీ బండికి కట్టుకుని, హారన్ కొట్టకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొన్ని రోజులు ఆ దారినే కనబడలేదు. పెద్దాయన్ని నొప్పించామేమోనని సీమోనుకు మనసులో పీకుతూనే ఉంది.

చివరికి ఆయన కబురు సుబ్బాయమ్మే తెచ్చింది, పొట్ట పట్టుకుని నవ్వుతూ. "ఇది విన్నావా? రావుగారు రెండోసారి మందు కొట్టేవాళ్లని నిలబెట్టి, చేలో చవుడు మూల మాత్రం చుక్క పడటానికి వీల్లేదన్నారంట. అక్కడ ఊద పెంచుతున్నారు! పక్క చేను వాళ్లు, 'బసవేశ్వరరావు ఈ ఏడు ఊద పంట వేశాడు, మద్దతు ధర ఎంతో' అని ఒకటే ఎగతాళి."

మర్నాడు ఆయనే వచ్చాడు. చేతిలో నాలుగంటే నాలుగు కంకులు, తడిగుడ్డలో చుట్టి. సీమోను వైపు చూడకుండా, పిట్టల వైపు చూస్తూ అన్నాడు.

"ఆ మూల ఎటూ వరి సరిగా రాదయ్యా, చవుడు. ఊదైనా రానీ. కడిగించే తెచ్చా. ముందు సుబ్బాయమ్మకి చూపించు, ఆవిడ సరేనంటేనే పెట్టు."

సుబ్బాయమ్మ కంకి వాసన చూసి, గింజ కొరికి, తలూపింది. "పెట్టొచ్చు. రావుగారి ఊద బ్రహ్మాండంగా పండిందండి" అంది. బసవేశ్వరరావు నవ్వాడు. ఆయన నవ్వగా ఆ గేటు దగ్గర ఎవరూ చూసి ఉండలేదు.

*

వరి కోతలయ్యే నాటికి పంజరం పెద్దదైంది. మొదటి పిల్లలు ముక్కు ఎరుపెక్కి పెద్దవయ్యాయి. రెండో కాపు కూడా రెక్కలొచ్చి ఎగురుతోంది. అదే సమయానికి, పట్టాల కింద నుంచి రోడ్డు వేసే పని కూడా పూర్తయింది. ఇక గేటు అక్కర్లేదు. సీమోనును బాపట్ల దగ్గర వేరే గేటుకు వేశారు. క్వార్టరు ఖాళీ చేయాలి.

కింది రోడ్డు కావాలని ఎక్కడ మీటింగ్ జరిగినా ముందు నిలబడి అరిచినవాడు బసవేశ్వరరావే. ఇప్పుడాయన కానుగ చెట్టు కింద కుర్చీ వేసుకుని దిగులుగా కూర్చున్నాడు.

"రోడ్డైతే బాగానే ఉందయ్యా. ఎక్కడా ఆగక్కర్లేదు. ఆగకుండా పోయి నేను చేసేదేముంది?"

సీమోను లోపలికెళ్లి చిన్న పంజరం తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు. మొదటి కాపులో ఒక మగది, తోడబుట్టినవి జతకట్టకూడదని ఫరూక్ మార్చి ఇచ్చిన ఒక ఆడది. ఇంకో జంటను అంతకుముందే సుబ్బాయమ్మ ఇంటికి పట్టుకెళ్లింది. ఆయన పంజరాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. పెద్ద గొంతు ఎటుపోయిందో, "వీటికి రాత్రిపూట గుడ్డ కప్పాలా?" అని గుసగుసగా అడిగాడు, అవి నిద్రలేస్తాయేమో అన్నట్టు.

సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కింది. పెద్ద పంజరం ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నే రాలేదు. కరుణమ్మ ముందు సీట్లో కూర్చుని, ఒళ్లో పెట్టించుకుని, గాలి తగలకుండా తన దుప్పటి చుట్టింది. దారి పొడుగునా, "అదిగో వంతెన... అదిగో బడి... అయిపోయింది, వచ్చేశాం" అని లోపలున్న వాటికి చెబుతూనే ఉంది. డ్రైవరు వింటున్నాడన్న స్పృహ కూడా ఆమెకు లేదు.

బాపట్లలో అద్దె ఇల్లు చిన్నదే గాని వెలుతురున్నది. సముద్రం దూరంగా ఉన్నా గాలిలో దాని తేమ తగిలేది. చలి కూడా రేపల్లె చలిలా కాదు, పొద్దున పూట బట్టల్లోకి దూరేది. సీమోను కొర్రల్లో కాసిని నువ్వులు కలిపి పెట్టడం మొదలుపెట్టాడు. పిట్టలు కొత్త గోడలకు అలవాటుపడి మళ్లీ బూరలు ఊదాయి, మళ్లీ పీచు మోశాయి.

ఒక తెల్లవారుజామున కరుణమ్మ పంజరం మీద గుడ్డ తీసేసరికి, తల్లిపిట్ట అడుగున కూర్చుని ఉంది. ఈకలు ఉబ్బరించుకుని, కళ్లు మూసుకుంది. తాకితే పొట్ట కింది భాగం గట్టిగా ఉంది. సీమోను డ్యూటీలో ఉన్నాడు. ఆమె ఫరూక్‌కి ఫోను చేసింది. నిద్రమత్తులోనే అతను, "గుడ్డు అడ్డుపడ్డట్టుందక్కా. వెచ్చగా ఉంచు. చల్లగాలి తగలనీకు. పిసకబాక, ఊరికే వెచ్చగా ఉంచు చాలు" అన్నాడు.

కరుణమ్మ పిట్టను మెత్తటి గుడ్డలో చుట్టి, వేడినీళ్ల సీసా పక్కన పెట్టుకుని, అరచేతులు గూడులా చేసి పొయ్యి దగ్గర కూర్చుంది. టీ పెట్టుకోలేదు, ముఖం కడుక్కోలేదు. చేతిలో గుండె చప్పుడు ఒకటే తగిలేది, అగ్గిపెట్టెలో పురుగు కదిలినట్టు. "నా తల్లే, నా బంగారమే, కాస్త ఓర్చుకో" అని గొణుగుతూ ప్రార్థన చేసింది. పొద్దెక్కి కిటికీలో ఎండ పడ్డాక పిట్ట ఒక్కసారి ఒళ్లు విదిలించింది. అరచేతిలో వెచ్చగా ఏదో తగిలింది. చూస్తే గుడ్డు. పెంకు సరిగా గట్టిపడక మెత్తగా ఉంది.

సీమోను ఇంటికొచ్చేసరికి ఆమె ఏడుస్తూ నవ్వుతోంది. పిట్ట పంజరంలో నీళ్లు తాగుతోంది.

మధ్యాహ్నం ఫరూకే ఫోను చేశాడు. "వరసగా గుడ్లు పెట్టి ఒంట్లో సున్నం తగ్గిందన్నా. కొన్నాళ్లు ఆ కుండ తీసేయ్, విశ్రాంతి ఇవ్వు. సముద్రపు నురుగు పెట్టు."

"అదేంటి తమ్ముడూ? ఎక్కడ దొరుకుద్ది?"

 ఫరూక్ పగలబడి నవ్వాడు. "సముద్రం పక్కన కాపురం పెట్టి, తెనాలిలో ఉన్న నన్ను అడుగుతావేంటన్నా! పేరుకే నురుగు, అదో సముద్రపు జీవి ఎముక. తెల్లగా, పడవలాగుంటది, ఒడ్డుకి కొట్టుకొస్తది. మేం కొట్లో పెట్టి అమ్ముకునేది అదే."

ఆ ఆదివారం సీమోనుకు సెలవు. ప్రార్థన అయ్యాక ఇద్దరూ ఆటో ఎక్కి సూర్యలంక వెళ్లారు. గుంటూరు నుంచి, తెనాలి నుంచి వచ్చిన జనం నీళ్లల్లో కేరింతలు కొడుతున్నారు. వీళ్లిద్దరూ మాత్రం తలలు వంచుకుని, అలలు వదిలేసిన తడి గీత వెంట నడిచారు. వలలు బాగుచేసుకుంటున్న ఒక జాలరి ఆవిడ, "ఏం పోగొట్టుకున్నారమ్మా? ఉంగరమా?" అని అడిగింది. సంగతి చెబితే, "పిట్టలకా! అదిగో, ఆ పడవల అవతల చూడండి. బోలెడు పడుంటయ్" అని చేయి చూపింది.

నిజంగానే పడి ఉన్నాయి. తెల్లగా, తేలిగ్గా, అరచేతిలో పట్టేంత పడవలు. కరుణమ్మ మొదటిది తీసి గోటితో గీకి చూసింది, పిండిలా రాలింది. తర్వాత ఇక ఆమెను ఆపడం సీమోను తరం కాలేదు. కొంగు నిండింది, అతని జేబులు నిండాయి, అతని చేతి రుమాలు నిండింది.

"చాల్లే కరుణా, ఉన్నవి పిడికెడు పిట్టలు."

"రావుగారి పిట్టలకి వద్దా? సుబ్బాయమ్మక్క వాటికి వద్దా? నువ్వు ఆ పక్క చూడు, నేను ఈ పక్క చూస్తా."

ఒక పెద్ద అల వచ్చి ఇద్దరినీ మోకాళ్ల దాకా తడిపింది. కరుణమ్మ కెవ్వున అరిచి, కొంగు తడవకుండా పైకెత్తి పట్టుకుని, పడుచుపిల్లలా పరిగెత్తింది. సీమోను ఆమె వెనక పరిగెత్తబోయి ఇసుకలో కాలు కూరుకుపోయి చతికిలపడ్డాడు. పడ్డ చోటే ఇంకో తెల్లటి పడవ కనబడింది. దాన్ని పైకెత్తి ఆమెకు చూపిస్తూ, లేవకుండా అక్కడే కూర్చుని నవ్వాడు.